రాళ్ళగుంతలో ఉయ్యాల

మా బావ దేవరాజులు మెల్లగా మాట్లాడగా నేను ఒకే ఒక్కసారి విన్నాను. మిగతా కాలమంతా అరుపే. మద్రాసు చూలైలో మా ఇంటికొచ్చి "మంగళా, రవంత మజ్జిగ పొయ్యవే" అన్నాడంటే, నాతోపాటు పక్కింటావిడ కూడా ఉలిక్కిపడి చెంబు అందుకునేది. కోపం కాదు పాపం, వెన్నలాంటి మనిషి. పల్లావరం రాళ్ళగుంతలో మీసం మొలిచిన నాటి నుంచీ బండలు పేల్చి పేల్చి, చెవుల్లో ఏదో మోత నిలిచిపోయింది. దాన్ని మించి అరవకపోతే తన మాట తనకే వినపడదు. అందులోనూ నేను మరదల్ని. నా మీద అరవడం ఆయన హక్కు, ఎదురు అరవడం నా హక్కు. మా వేళాకోళం మొదలైతే వీధి కుక్కలు లేచి అవతలికి పోయేవి.

ఆయన పెళ్ళాం పంకజం మా అక్క. ఆమె గొంతు పక్కన కూర్చుంటే గానీ వినపడదు. మేమిద్దరం ఆ గుంత అంచున ఉన్న గుడిసెల్లోనే పుట్టాం. ఏ తాతల కాలంలోనో చిత్తూరు వైపు నుంచి సుత్తీ ఉలీ పట్టుకొని వచ్చిన కుటుంబాలు మావి. అరవదేశంలో ఎన్ని తరాలున్నా, కాలి మీద రాయి పడినప్పుడు మాత్రం మా నోట వచ్చేది తెలుగే. నన్ను చూలైలో వడ్రంగుల ఇంటికిచ్చారు. అక్కకు ఆ మాత్రం దూరం కూడా రాసిపెట్టి లేదు. పుట్టిన గుడిసెకూ మెట్టిన గుడిసెకూ మధ్య ఒక్క వేపచెట్టే అడ్డం.

గుంతలో బావ పని మందు కూరి బండలు పేల్చడం. దానికి ఆయన దగ్గర ఒక ఇత్తడి కొమ్ము ఉండేది, వాళ్ళ తాత దేవుడి ఊరేగింపుల్లో ఊదిన పాత కొమ్ము. మూడుసార్లు పొట్టిగా ఊదాడంటే పని వదిలేసి, తట్ట నెత్తిన బోర్లించుకొని, బండచాటుకో పైకో పరిగెత్తాలి. అందరూ పోయాక బావ ఒక్కడే కింద ఉండి వత్తులు అంటించి, తనూ ఉరికేవాడు. ఢామ్మని పేలేది. దుమ్ము అణిగాక అన్నీ పేలాయో లేదో తనే వెళ్ళి చూసుకొని, అప్పుడు ఒక్కసారి పొడుగ్గా ఊదేవాడు. ఆ పొడుగు కొమ్ము వినపడేదాకా ఎవరూ తల బయట పెట్టకూడదు. పెట్టినవాళ్ళని బావ తిట్టే తిట్లు మందుకంటే గట్టిగా పేలేవి. అందుకని మా గుడిసెల్లో పసిపిల్లలు కూడా అమ్మా అనడం కంటే ముందు కొమ్ముకు దాక్కోవడం నేర్చుకునేవాళ్ళు.

తర్వాత గుంతలో నీటి ఊట పడింది. కాంట్రాక్టరు సామాను సర్దుకొని ఇంకో కొండ వెతుక్కుంటూ పోయాడు. సగం గుంత నీళ్ళు, సగం కంపచెట్లు. బావ వేపచెట్టు కింద కూర్చొని చింతపండుతో కొమ్ము తోముకుంటూ ఉండేవాడు. తోమి తోమి అది అద్దమైపోయింది. దాంట్లో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాడు.

అవి మద్రాసు మాదంటే మాదని పెద్దలంతా గొంతులు చించుకుంటున్న రోజులు. పట్నం మొత్తం కావాలన్నారు గానీ మా రాళ్ళగుంత కావాలని అటువాళ్ళూ అడగలేదు, ఇటువాళ్ళూ అడగలేదు. అడిగింది ఒక్క భాష్యం గారే. ఆయన పంచాయతీ బోర్డు ఓవర్సియరు, చింతాద్రిపేటలో కాపురం. నుదుట నామం, సైకిలు, సైకిలు బుట్టలో ఎప్పుడూ ఏదో ఒక మొక్క. ఒకరోజు గుంత అంచున నిలబడి కిందికి చూసి, పట్టలేని సంతోషంతో చప్పట్లు కొట్టారట.

"ఏమయ్యా, ఇంత చక్కటి చోటు పెట్టుకొని ఇన్నాళ్ళూ రాళ్ళు కొట్టారా? ఇది పార్కు కావాలి!" అన్నారు.

"పార్కా సార్? ఈడనా?" అన్నాడు బావ. పల్లావరం స్టేషను దాకా వినపడి ఉంటుంది.

నిజంగానే మొదలుపెట్టారు. కంప కొట్టారు. బండ్లు ఎక్కే ఏటవాలు దారిని మెట్లుగా మలిచారు. గుట్టలుగా మిగిలిన రాతిపొడిని పరిచి బాటలు వేశారు. చెరువు ఒండ్రు బండ్లలో తోలించి, కింద పూలమళ్ళు కట్టించారు. ఆ మట్టి మోసింది మా గుడిసెల ఆడవాళ్ళే. మా పచ్చయమ్మత్త మొదటి తట్ట దించి నడుం మీద చేతులు పెట్టుకొని ఒకటే నవ్వు. "ఏందే ఇది! జన్మంతా నిండు తట్ట పైకి మోసి, ఉత్త తట్టతో దిగితిమి. ఇప్పుడు నిండుది కిందికి దిగతాండాది, ఉత్తది పైకి ఎక్కతాండాది!" అంటే, ఆ మాటకు అందరూ తట్టలు పారేసి పడీ పడీ నవ్వారు. మేస్త్రీ అరిచినా ఆగలేదు.

మందు దాచే రాతి గదిలో రేడియో పెట్టారు. నీళ్ళ చుట్టూ కమ్మీలు పాతి, లోపల తామరలు వేశారు. మేము దాక్కునే పెద్ద బండని పేల్చకుండా వదిలేశారు, చూడ్డానికి బాగుందని. దాని ముందు ఇనప గొలుసుల ఉయ్యాల. ఇవన్నీ కాపలా కాయడానికి మా బావ. ఖాకీ చొక్కా ఇచ్చారు. ఆ చొక్కా వేసుకొని చూలై దాకా వచ్చి, మా వీధిలో ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు నడిచి, మజ్జిగ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

చిక్కల్లా ఒక్కటే. ఆయన జన్మంతా మనుషుల్ని ఆ గుంతలోంచి తరిమిన మనిషి. ఇప్పుడు మనుషుల్ని అందులోకి పిలవాలి. ఎవరైనా మెట్ల దగ్గరికి వచ్చి తొంగి చూస్తే చాలు, "పోండి! పోండి! దూరం పోండి!" అని చేతులు ఊపుకుంటూ వెళ్ళేవాడు. క్రోమ్‌పేట నుంచి ఎవరో కొత్త దంపతులు ముచ్చటపడి చూద్దామని వస్తే, పెళ్ళికూతురు చెప్పులు వదిలేసి పరిగెత్తింది.

భాష్యం గారు తల పట్టుకున్నారు. "దేవరాజులూ, 'రండి' అనాలయ్యా. నవ్వుతూ. ఏదీ, అను."

"రండి!" అన్నాడు బావ. చెట్టు మీద కాకులు లేచిపోయాయి.

ఇంట్లో కూడా సాధన చేసేవాడు. పొద్దున్నే వాకిట్లో నిలబడి "రండి! రండి! లోపలికి రండి!" అని అరుస్తుంటే, అన్నానికి పిలుస్తున్నారనుకొని గుడిసెల వాళ్ళంతా వచ్చేశారు. అక్క ఆ పూట ఎసట్లో ఇంకో మానెడు బియ్యం పోసింది.

ఇంతకీ అసలు మాట చెప్పనేలేదు. ఊరందరినీ రమ్మన్న మనిషి పిలుపుకు ఇంట్లో మనిషే రాలేదు. మిగతా ఆడవాళ్ళంతా మట్టి మోస్తుంటే అక్క మోయలేదు. మెట్లు కట్టాక దిగి చూడలేదు. గుంత వైపున్న కిటికీకి గోనెపట్టా కట్టేసింది. ఎందుకే అంటే "రానంటే రాను" అంటుంది, అంతే. మెల్లగా అంటుంది గానీ ఆ మాట కింద మందు పెట్టినా కదలదు.

బావ మొదటి గులాబీ తెచ్చి ఇచ్చాడు. తల్లో పెట్టుకుంది, దిగలేదు. తామర పూసిందన్నాడు. "పుయ్యనీ" అంది. ఉయ్యాల వేశారన్నాడు. "నేనేమన్నా చంటిదాన్నా?" అంది. రేడియోలో పాట పెట్టించాడు. "ఈడికే బాగా వినపడతాంది" అంది. చివరికి రైలెక్కి నా దగ్గరికి వచ్చి, మా ఇంటి అరుగు మీద కూలబడ్డాడు.

"ఏమ్మే మరదలా, నువ్వైనా చెప్పవే మీ యక్కకి. ఊరంతా దిగుతాది, ఈయమ్మ దిగదంట. ఎవురికి జూపించుకోను నేను? ఇదే రాకుంటే నాకా పార్కెందుకు, ఈ చొక్కాయెందుకు?"

అంత మనిషి కళ్ళు తుడుచుకున్నాడు. నాకు మా అక్క మీద ఒళ్ళు మండిపోయింది. ఆ పూటే వెళ్ళి నా శక్తి కొద్దీ దులిపేశాను. "మొగుడు పూలతోట వేసి పిలుస్తుంటే ఇంత టెక్కా నీకు? నాకైతే మా ఆయన మూరెడు మల్లెపూలు తేవడమే గగనం!" అన్నాను. అక్క మునగాకు దూసుకుంటూ అంతా విని, "కాఫీ తాగతావా?" అంది. ఇంకేం చేస్తాను, తాగి వచ్చేశాను.

పార్కు తెరిచే రోజు వచ్చింది. సాయంత్రం ఎండ తగ్గాక ముహూర్తం. మామిడాకులు, కాగితం జెండాలు, నాదస్వరం, మా పచ్చయమ్మత్త చేతుల్లో పెద్ద గంగాళం నిండా సుండల్, అదే శెనగ గుగ్గిళ్ళు. తెరవడానికి అనంతరామయ్య గారని రిటైరైన జడ్జీ గారు వచ్చారు. ఇంత జరీ తలపాగా, చేతిలో వెండి పొన్ను కర్ర. నేను చూలై నుంచి పట్టుచీర కట్టుకొని వెళ్ళాను. అక్కని ఆఖరిసారి బతిమాలితే, వాకిట్లో మునగాకు చాట ముందేసుకొని "మీరు పోయి రాండి" అంది.

భాష్యం గారికి రిబ్బను కత్తిరించడం నచ్చలేదు. "రిబ్బన్లు అందరూ కత్తిరిస్తారు. మన పార్కు కొమ్ము ఊది తెరుద్దాం. దేవరాజులూ, ఒక్కసారి ఊదు. ఒక్కటంటే ఒక్కటే. ఊదగానే జడ్జీ గారు 'తెరిచాను' అంటారు" అని చెప్పారు.

"సరి సార్, ఒకటే" అన్నాడు బావ. పొద్దుటి నుంచీ ఒకటే, ఒకటే అని తనలో తను గొణుక్కుంటూనే ఉన్నాడు. ఆ గొణుగుడు మా అందరికీ వినపడింది.

అందరం కింద ఉయ్యాల చుట్టూ చేరాం. బావ ఖాకీ చొక్కా సర్దుకొని, రొమ్ము విరుచుకొని, కొమ్ము ఎత్తాడు. ఒకటి ఊదాడు. బాగుంది. జడ్జీ గారు నోరు తెరిచారు. కానీ ఆ కొమ్ము ఆ గుంతలో ఎన్నడైనా ఒకటితో ఆగిందా? ఆయన పెదాలు ఆయన మాట వినలేదు. రెండోది వచ్చేసింది. మూడోది కూడా వచ్చేసింది.

అయ్యయ్యో, ఏం చెప్పమంటారు! ఒక్క క్షణంలో పార్కు ఖాళీ. మా గుడిసెల వాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ లేచి బండచాటుకు ఉరికారు. పచ్చయమ్మత్త చేతిలో తట్ట లేదు కదా, గంగాళమే నెత్తిన బోర్లించుకుంది. సుండల్ అంతా ఆమె జడలోంచి రాలుతోంది. డోలు వాయించేవాడు డోలు వదలకుండా పాకాడు. మమ్మల్ని చూసి పట్నం నుంచి వచ్చిన పెద్దమనుషులు ఏమైందో తెలియకుండానే పరిగెత్తారు. భాష్యం గారు రేడియో గదిలో దూరారు. జడ్జీ గారు రాతి బెంచీ కిందికి ఎలా పట్టారో ఆ భగవంతుడికే తెలియాలి, తలపాగా మాత్రం పట్టలేదు. మరి నేనో? మందు లేదని తెలుసు, అది పార్కని తెలుసు, ఒంటి మీద ఉన్నది పట్టుచీరని తెలుసు. అయినా పెద్ద బండ వెనక మోకాళ్ళ మధ్య తల పెట్టుకొని కూర్చొని ఉన్నాను!

రేడియో ఒక్కటే దాక్కోలేదు. అందులో ఎవరో వరి పంటకు ఎరువులు ఎప్పుడు వెయ్యాలో నిదానంగా చెబుతున్నారు.

"అమ్మా, ఎంతసేపు ఉండాలి?" అని జడ్జీ గారు బెంచీ కింద నుంచి మా పచ్చయమ్మత్తని అడిగారు.

"పొడుగు కొమ్ము ఊదేదాకా సామీ. తల బయట పెట్టబాకండి" అంది అత్త గంగాళం లోంచి.

ఆ పొడుగు కొమ్ము ఊదితే అయిపోయేది. బావ ఊదాలనే చూశాడు. కానీ ఆయన కంటికి ముందు జరీ తలపాగా కనపడింది, తర్వాత నడుస్తున్న గంగాళం కనపడింది. నవ్వు వచ్చేసింది. నవ్వే నోటితో కొమ్ము ఎవడు ఊదగలడు? పెదాలు బిగించి పెడతాడు, తుస్సుమంటుంది. మళ్ళీ పెడతాడు, మళ్ళీ తుస్సు. కొమ్ము చేతిలోంచి జారింది. పొట్ట పట్టుకొని ఉయ్యాల పక్కన నేల మీద కూలబడి, మోకాళ్ళలో తల దూర్చి, వెక్కి వెక్కి నవ్వుతున్నాడు. చప్పుడు కూడా రావడం లేదు, భుజాలే అదురుతున్నాయి. మేమేమో పొడుగు కొమ్ము కోసం కాచుకొని కూర్చున్నాం.

అప్పుడు పైనుంచి ఒక కేక వినపడింది. ఎవరి గొంతో గుర్తుపట్టలేకపోయాను. ఆ గొంతుతో అంత కేక పుడుతుందని నాకెలా తెలుస్తుంది? మా అక్క పంకజం! చేతిలో మునగాకు రెబ్బ అలాగే ఉంది, కొప్పు ఊడిపోయింది. మెట్లు ఒక్కొక్కటీ కాదు, అందినన్ని దూకుతూ దిగుతోంది. పొడుగు కొమ్ము ఊదకముందే గుంతలోకి దిగిన మనిషిని నేను పుట్టాక అదే చూడడం.

"పంకజం, ఆగవే! ఇంకా ఊదలా!" అని అత్త అరిచింది. అక్క ఆగలేదు. గులాబీలు తొక్కుకుంటూ, తామరల వైపు చూడకుండా, తిన్నగా వెళ్ళి ఆ అదురుతున్న భుజాలు పట్టుకుంది.

"ఏమాయె? ఏడ తగిలింది? చెప్పయ్యా, ఏడ తగిలింది?"

బావ తలెత్తాడు. మొహమంతా నవ్వు, కళ్ళనిండా నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు.

అక్క ఆ మొహం చూసింది. మునగాకు రెబ్బతోనే ఆయన వీపు మీద ఎడాపెడా వాయించింది. ఆకులన్నీ రాలిపోయి ఉత్త పుల్ల మిగిలేదాకా కొట్టి, తర్వాత అక్కడే కూర్చొని బావురుమంది.

"నవ్వుతాండావా? మూడు ఊదినావు. పేల్లేదు. పొడుగుది రాలేదు. మందు పేలకుంటే జూసేదానికి నువ్వే గదా పోతావు! ఇన్నేండ్లుగా ఆ యాపచెట్టు పట్టుకొని నిలబడితి నేను. నువ్వు ఊదేదాకా ఊపిరి ఆడదు నాకు. పూటపూటా చచ్చి పుడితి. ఈ గుంత మూసినారని దేవుడికి దీపం పెట్టింటి. మళ్ళా దీంట్లోకి రమ్మంటావా నన్ను?"

బావ నవ్వు ఎక్కడికి పోయిందో. "నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు" అన్నాడు.

"పైన నేనుంటి, కింద నువ్వుంటివి. ఎప్పుడు జూసినావు?" అంది అక్క. బండ వెనక నా నెత్తి నేనే మొట్టుకున్నాను. టెక్కు అన్నాను కదా నేను, నా నోరు పడిపోను.

అక్క పైట చెంగుతో మొహం తుడుచుకుంది. కింద పడ్డ కొమ్ము తీసుకుంది. "లెయ్యి. పైకి పో. ఆ యాపచెట్టు కాడ నిలబడు. నేను ఊదేదాకా కదలగూడదు."

బావ మెట్లెక్కాడు. ఆయన పైకి చేరేదాకా చూసి, అక్క ఉయ్యాల మీద కూర్చుంది. కాలితో నేలను తన్నింది. గొలుసులు కిర్రుమన్నాయి.

"మంగళా, తొయ్యవే!"

"పొడుగు కొమ్ము ఊదలేదు కదక్కా" అన్నాను బండ వెనక నుంచే. ఏం చేయను, అలవాటు.

"నేను పిలస్తాండా గదా, రావే!"

వెళ్ళి తోశాను. ఇంకా తొయ్యమంది. పట్టుచీర దోపుకొని ఇంకా గట్టిగా తోశాను. ఉయ్యాల నీళ్ళ వైపు పైపైకి పోతోంది. అక్క జుట్టు గాలికి విప్పుకుంది, కాళ్ళు ఆకాశంలోకి పోతున్నాయి, మునగాకు వాసన వేస్తోంది. మొదట చిన్నగా, తర్వాత పెద్దగా నవ్వడం మొదలుపెట్టింది. నాకూ ఆగలేదు. బండచాటు నుంచి ఒక్కొక్క తలా బయటికొచ్చి చూసి, తెరలు తెరలుగా నవ్వుతున్నారు గానీ, ఒక్కరు కూడా అడుగు కదపడం లేదు.

"మే పంకజం! మెల్లగా! నీళ్ళుండాయి!" అని పైన వేపచెట్టు దగ్గర బావ కేకలు. "గొలుసు పట్టుకోవే! మంగళా, ఆపవే, నీకు పున్నెముంటాది! ఊదవే, ఊదు!"

అక్క ఊదలేదు. ఊగుతూనే ఉంది. బావ కేకలు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే, ఒక చేత్తో చెట్టు మాను పట్టుకొని, ఊపిరి బిగబట్టి నిలబడి ఉన్నాడు.

అప్పుడు ఉయ్యాల ఆపి అక్క కొమ్ము నోట పెట్టుకుంది. మొదట దూడ అరిచినట్టు ఏదో వచ్చింది. అందరూ మళ్ళీ నవ్వారు. రెండోసారి బుగ్గలు పొంగించి, కళ్ళు మూసుకొని, పొడుగ్గా, తీరిగ్గా ఊదింది. గుంత గోడలన్నీ మోగాయి. అందరూ దుమ్ము దులుపుకుంటూ బయటికొచ్చారు. జడ్జీ గారిని నలుగురు పట్టి బెంచీ కింద నుంచి లాగారు. ఆయన తలపాగా సర్దుకొని, "పార్కు తెరిచినట్టేనా?" అని అడిగారు. తెరిచినట్టే అన్నారు భాష్యం గారు.

బావ మెట్లు దిగి వచ్చాడు. భుజం మీది తుండుగుడ్డ చేతుల్లో నలిగి తాడైపోయింది. అక్క ముందు నిలబడి, కొమ్ము వైపు చూసి, మెల్లగా, పక్కనున్న నాకే సరిగ్గా వినపడనంత మెల్లగా అడిగాడు.

"ఇంతసేపా మే?"

"ఇయ్యాల తొందరగా ఊదేసినా" అంది అక్క, ఉయ్యాల మీద కాస్త జరిగి ఆయనకు చోటిస్తూ.